వైద్య పదాలను విడదీసి చదువుదాం – ఏడో పాఠం: ఊరి మీద పడిన మాట

ఈసారి ఎముకల పేర్లు మొదలుపెట్టాలని అనుకున్నాను. ఆరో పాఠానికి మీరు పంపిన జవాబులు చదివాక ఎముకలను పక్కన పెట్టాను. సగానికి పైగా జవాబుల్లో ఒకే తప్పు ఉంది. దాన్ని సరిచేయకుండా ముందుకు వెళితే తర్వాతి పాఠాలన్నీ దాని మీదే నిలబడతాయి.

ఆ పాఠం చివర్లో మూడు పదాలు ఇచ్చి విడదీయమన్నాను: ఎపిడెమిక్, ఎండెమిక్, పాండెమిక్. కావలి నుంచి ఒక నర్సింగ్ విద్యార్థిని ఇలా రాసింది: "ఎపిడెమిక్ అంటే రక్తం మీద దాడి చేసే జబ్బు, ఎండెమిక్ అంటే రక్తం లోపల ఉండే జబ్బు, పాండెమిక్ అంటే రక్తమంతా చెడగొట్టే జబ్బు." కందుకూరు, ఆత్మకూరు, ఒంగోలు నుంచి వచ్చినవీ దాదాపు ఇవే. ఇంతమంది ఒకే తోవలో తప్పారంటే ఆ తోవ నేను చూపించినదే. ‘ఎమియా’ అంటే రక్తంలో అని ఆరో పాఠంలో చెప్పాను. అనీమియా, లుకేమియా, యురేమియా అంటూ తొమ్మిది ఉదాహరణలు ఇచ్చాను. ఆ ముక్క ఎక్కడ లేదో చెప్పలేదు. మీరు నేర్చుకున్నదాన్ని శ్రద్ధగా వాడారు. వాడకూడని చోట వాడారు, అంతే.

పదాన్ని కీలు దగ్గర విడదీయాలి. రామాలయాన్ని రామ, ఆలయం అని విడదీస్తే గుడి కనిపిస్తుంది. రామా, లయం అని విడదీస్తే గుడి పోయి నాశనం మిగులుతుంది. అక్షరాలు అవే, కోత చోటు మారింది. ఎపిడెమిక్ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే.

కోత సరైనదో కాదో తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటి ఉంది, మిగులు పరీక్ష. మీరు గుర్తుపట్టిన ముక్కను తీసేయండి. మిగిలిన ముక్కకు సొంత అర్థం ఉండాలి. అనీమియాలో ఎమియా తీసేస్తే ‘అన్’ మిగులుతుంది, అంటే లేని. లుకేమియాలో ‘లుక్’, అంటే తెలుపు. యురేమియాలో ‘యూర్’, అంటే మూత్రం. మూడూ పలికాయి. ఇప్పుడు ఎపిడెమిక్‌లో ‘ఎమిక్’ తీసేయండి. ‘ఎపిడ్’ మిగిలింది. దానికి అర్థం లేదు. పాండెమిక్‌లో ‘పాండ్’, ఎండెమిక్‌లో ‘ఎండ్’. వాటికీ ఇక్కడ కుదిరే అర్థం లేదు. మూడింటిలోనూ అదే ‘డ్’ ఎడమ వైపు అనాథగా నిలబడింది. అంటే అది కుడి వైపు ముక్కకు చెందినది. కోత దానికి ముందు పడాలి: ఎపి–డెమ్–ఇక్. చివరి ‘ఇక్’ అంటే ‘సంబంధించిన’, అది మీకు తెలిసిందే, వదిలేస్తున్నాను.

ఈ డెమ్ గ్రీకు మాట ‘డెమోస్’ నుంచి వచ్చింది. ప్రజాస్వామ్యాన్ని చెప్పే డెమోక్రసీలో ఉన్నదీ అదే. నిఘంటువులో చూస్తే ‘ప్రజలు’ అని ఉంటుంది. తప్పు కాదు. కానీ ఆ మాటకు ప్రజలతో పాటు ‘నేల, ప్రాంతం’ అనే అర్థం కూడా పాత కాలం నుంచే ఉంది. ఏథెన్స్‌లో పౌరుల పేర్లు నమోదైన చిన్న పాలన విభాగాన్ని కూడా డెమోస్ అనే పిలిచేవారు. అందుకే నేను దీన్ని ‘ఊరు’ అని చదువుతాను. ప్రజలు అంటే మనసులో ఏ బొమ్మా రాదు. ఊరు అంటే వీధులు, చెరువు, బోరు, బడి అన్నీ వస్తాయి. జబ్బు గురించి ఆలోచించేవాళ్లకు కావలసినవి అవే.

ఇప్పుడు మూడు పదాలూ చదవండి. ‘ఎపి’ అంటే మీద. ఎపిడెమిక్ అంటే ఊరి మీద పడింది. ‘ఎన్’ అంటే లోపల. ఎండెమిక్ అంటే ఊళ్లో పాతుకుంది. ‘పాన్’ అంటే అంతా. పాండెమిక్ అంటే ఊరూరా పాకింది. పాన్ ఇండియా సినిమా అంటున్నామే, ఆ పాన్ ఇదే. ఎపి కూడా మీకు కొత్త కాదు. 1967లో ఒంగోలు దగ్గర భూకంపం వచ్చిన సంగతి పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. భూమి లోపల కదలిక పుట్టిన చోటికి సరిగ్గా మీద, నేలపై ఉన్న బిందువును ఎపిసెంటర్ అంటారు.

ఈ మాటల పుట్టుకలో నన్ను ఎప్పుడూ ఆపేసే సంగతి ఒకటుంది. ఎపిడెమిక్ మొదట జబ్బు మాట కాదు. పాత గ్రీకులో ‘ఎపిడెమియోస్’ అంటే తన ఊళ్లో, తన నేల మీద ఉన్నవాడు. దాని నుంచి వచ్చిన క్రియకు ఒక చోట ఉండటం, ఒక ఊరికి వచ్చి బస చేయడం అనే అర్థాలున్నాయి. ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరు మీద ఉన్న వైద్య గ్రంథాల్లో ‘ఎపిడెమిక్స్’ అనేవి ఏడు. అందులో మొదటి పుస్తకం థాసోస్ అనే ద్వీపంలో ఏ రుతువులో ఏ గాలి వీచింది, ఎంత వాన పడింది, అప్పుడు ఎవరికి ఏ జబ్బు చేసింది అని వరసగా చెబుతుంది. చెవుల దగ్గర వాపులు వచ్చిన కుర్రవాళ్ల వివరం అందులో ఉంది. చదివితే మన గవదబిళ్ళలే అని తెలిసిపోతుంది. అక్కడి నుంచి ఆ మాట ఊరికి వచ్చి కొన్నాళ్లు ఉండే జబ్బుకు స్థిరపడింది. ఊళ్లో ఒక కాలంలో ఏ జబ్బు ఎంతమందికి వచ్చిందో రాసుకోవడమే ఈ పదానికి పునాది. ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకిందన్న ప్రశ్న ఆ పునాదిలో లేదు. కింద చెప్పబోయేది దీని మీదే ఆధారపడుతుంది, కాబట్టి ఈ పేరా మరోసారి చదవండి.

సంఖ్య గురించి ఒక మాట. ఇన్ని కేసులు దాటితే ఎపిడెమిక్ అని అన్ని జబ్బులకూ వర్తించే ఒకే అంకె లేదు. ఆ ఊళ్లో, ఆ కాలంలో మామూలుగా ఉండే లెక్క కంటే స్పష్టంగా ఎక్కువ ఉంటే ఎపిడెమిక్. మన నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ వెనకే దోమలు వస్తాయి. ఒక ఆరోగ్య కేంద్రం పరిధిలో ఏటా నవంబరులో పది డెంగీ కేసులు ఉంటాయనుకోండి. ఈ నవంబరులో పన్నెండు వస్తే అది ఎండెమిక్ లెక్కే. ఎండలు మండే మేలో అదే పన్నెండు వస్తే ఆలోచించాలి. నవంబరులో అరవై వస్తే ఊరి మీద పడినట్టే. పోలియో సంగతి ఇంకా తీవ్రం. మన దేశం 2014లో పోలియో లేని దేశంగా గుర్తింపు పొందింది. ఇప్పుడు ఒక్క కేసు కనిపించినా యంత్రాంగమంతా కదలాలి.

పాండెమిక్‌కు మనకు మన ఊరి ఉదాహరణే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను పాండెమిక్ అన్నది 2020 మార్చి 11న. ఆ మర్నాడే ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు బయటపడింది. అది మన నెల్లూరులోనే. రాష్ట్రమంతటికీ ఒకే ఒక్క కేసు ఉన్న రోజున కూడా అది పాండెమిక్కే. ‘పాన్’ మన ఊళ్లో ఎంతమందికి వచ్చిందో లెక్కపెట్టదు, ఎన్ని దేశాలకు పాకిందో చూస్తుంది. జబ్బు ఎంత ప్రమాదకరమో కూడా అది చెప్పదు. ఎపిడెమిక్ ముదిరితే పాండెమిక్ అవుతుందని ముగ్గురు రాశారు. ముదరడం కాదు, విస్తరించడం.

ఇక అసలు గుంట దగ్గరికి వస్తున్నాను. రక్తం తప్పు చేయనివాళ్లు కూడా ఇందులో పడ్డారు. వాళ్ల జవాబు: "ఎపిడెమిక్ అంటే అంటువ్యాధి." బడి పుస్తకాల్లో చూశాను, ఆసుపత్రి గోడల మీద చూశాను, అనువాదాల్లో రోజూ చూస్తున్నాను. ఈ సమీకరణం తప్పు. ఎందుకింత పట్టుబడుతున్నానో వివరంగా చెబుతాను.

అంటువ్యాధి అన్న మాట ఒక ప్రశ్నకు జవాబు: ఈ జబ్బు ఎలా వస్తుంది? ఒకరి నుంచి ఒకరికి అంటుకుని వస్తుంది. ఎపిడెమిక్ మరో ప్రశ్నకు జవాబు: ఈ ఊళ్లో మామూలు కంటే ఎక్కువమందికి వచ్చిందా? వచ్చింది. మొదటిది దారి గురించి, రెండోది లెక్క గురించి. ఈ రెండూ కలిసి ఉండవచ్చు, విడిగానూ ఉండవచ్చు. మామూలు జలుబు అంటుతుంది. ఏటా వచ్చే లెక్కలోనే ఉంటే ఎపిడెమిక్ కాదు. దీనికి ఎదురు ఉదాహరణ కావాలంటే 1998లో ఢిల్లీలో జరిగింది చూడండి. ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలవడం వల్ల జనానికి కాళ్లు వాచాయి, గుండె దెబ్బతిన్నది, ప్రాణాలు పోయాయి. ఆ జబ్బు పేరే ఎపిడెమిక్ డ్రాప్సీ. పేరులోనే ఎపిడెమిక్ ఉంది. రోగి పక్కన పడుకున్నా, రోగి కంచంలో తిన్నా అది రాదు. ఆ నూనెతో వండినది తింటేనే వస్తుంది. ఒక ఇంట్లో నలుగురికీ వచ్చిందంటే నలుగురూ ఒకే కూర తిన్నారు కాబట్టి.

ఎండెమిక్ దగ్గర ఈ గుంట ఇంకా లోతు. అది మన నేల మీదే ఉంది. 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద ఒక వ్యాసం వచ్చింది. పేరులోనే ఎండెమిక్ ఫ్లోరోసిస్ అని ఉంది. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. 1970లో ఏర్పడిన ఆ జిల్లాలోకి వెళ్లిన కనిగిరి, పొదిలి, కందుకూరు తాలూకాలు అప్పుడు నెల్లూరువే. రాళ్ల పొరల్లోని ఫ్లోరైడు భూగర్భ జలంలో కలుస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మొదట పళ్ల మీద గోధుమ రంగు చారలు పడతాయి. ఇంకా ఎక్కువైతే ఎముకలు బిగుసుకుంటాయి, వంగుతాయి. ఇందులో క్రిమి లేదు. అంటడానికి ఏమీ లేదు. జబ్బు ఆ ఊరి నీళ్లలో ఉంది, కాబట్టే ఎండెమిక్, ఊళ్లో పాతుకున్నది.

నేను ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో కనిగిరి వైపు ఒక ఊరికి నీళ్ల నమూనాల కోసం వెళ్లేదాన్ని. అక్కడ ఒక అమ్మాయికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. పెళ్లికొడుకు తరఫు వాళ్లు ఎక్కడో ఒక కరపత్రంలో ఆ ప్రాంతం పేరు పక్కన ‘అంటువ్యాధి ప్రాంతం’ అని చదివారట. ఎండెమిక్ ఏరియా అన్న మాటను ఎవరో అలా తెలుగు చేశారు. అమ్మాయి తండ్రి నా దగ్గరికి వచ్చి, "అక్కా, మా పిల్ల పళ్ల మీద మచ్చలు మా బోరు నీళ్లవి. ముట్టుకుంటే అంటేవి కావు. ఈ మాట వాళ్లకు మీరు చెబుతారా?" అని అడిగాడు. ఫోనులో చెప్పాను. వాళ్లు విన్నారు, మనసు మార్చుకోలేదు. ఒక్క పదాన్ని తప్పుగా తెలుగు చేస్తే ఎంత నష్టమో ఆ రోజు చూశాను. అందుకే ఈ జవాబుకు నేను సగం మార్కు కూడా ఇవ్వను.

‘అంటు’ అన్న మాట బరువు తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అంటు అంటే తాకడం, పట్టుకుని ఉండటం. మామిడికి అంటు కడతాం. తిన్న గిన్నెలకు మెతుకులు అంటి ఉంటాయి కాబట్టి వాటిని అంట్లు అంటాం. నిప్పు అంటుకుంటుంది. అదే మాటతో మనుషులను దూరం పెట్టి అంటరానివాళ్లు అన్న చరిత్ర కూడా మన భాషకు ఉంది. ఒక జబ్బును అంటువ్యాధి అనగానే వినేవాళ్ల మనసు జబ్బును దాటి మనిషి దాకా పోతుంది. కంచం వేరవుతుంది, మంచం వేరవుతుంది. నిజంగా అంటే జబ్బుకు ఆ జాగ్రత్త కొన్నాళ్లు కావాలి. అంటని జబ్బుకు ఆ మాట వాడటం అన్యాయం.

అంటుకు సరైన జోడీ కంటేజియన్. లాటిన్‌లో ‘కాన్’ అంటే కలిసి, ‘టాంగెరె’ అంటే తాకు. 1546లో ఫ్రాకాస్టోరో అనే ఇటలీ వైద్యుడు కంటేజియన్ మీద ఒక పుస్తకం రాసి మూడు దారులు చెప్పాడు: నేరుగా తాకడం వల్ల, రోగి వాడిన బట్టలు, వస్తువుల వల్ల, దూరం నుంచి. ఆ బట్టలు, వస్తువులకు ఆయన వాడిన మాట ‘ఫోమెస్’. లాటిన్‌లో దానికి నిప్పు రాజేయడానికి వాడే చితుకులు అని అర్థం. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఫోమైట్స్ అంటున్నది దాన్నే. జబ్బు నిప్పులా అంటుకుంటుందని ఆయనకు తోచింది. మన భాషలో తాకడానికీ, రాజుకోవడానికీ ఒకే క్రియ ఉండటం చూస్తే మనవాళ్లకూ అదే తోచిందనిపిస్తుంది.

ఇన్ఫెక్షన్ వేరు. ‘ఇన్’, ‘ఫాకెరె’ కలిసిన ‘ఇన్ఫికెరె’ అనే క్రియకు రంగులో ముంచడం, మరక పట్టించడం అని అర్థం. రంగు తొట్టిలో దించిన నూలును గుర్తు తెచ్చుకోండి. రంగు దారం లోపలికి దిగుతుంది. క్రిమి ఒంట్లోకి దిగడం ఇన్ఫెక్షన్. అది మరొకరికి అంటుతుందా లేదా అన్నది వేరే ప్రశ్న. ధనుర్వాతం ఇన్ఫెక్షనే, మట్టి పడిన గాయం ద్వారా వస్తుంది, పక్కవారికి అంటదు. సంక్రమణం ఇంకొక బొమ్మ: దాటడం. సూర్యుడు మకర రాశిలోకి దాటితే సంక్రాంతి, జబ్బు ఒక ఒంటి నుంచి మరో ఒంటికి దాటితే సంక్రమణం. ధాతువు ఒకటే. ఒకరు సాంక్రామికలో ‘క్రిమి’ ఉందని రాశారు. లేదు, అక్కడ ఉన్నది ‘క్రమ్’. రక్తం విషయంలో జరిగిన పొరపాటే తెలుగులోనూ జరిగింది.

నామవాచకాలతో గందరగోళం పడేవాళ్లకు నేను క్రియలే చెబుతాను. తెలుగు క్రియలు ఈ పని చక్కగా చేస్తాయి. సోకింది అంటే ఇన్ఫెక్షన్. అంటింది అంటే కంటేజియన్. ప్రబలింది అంటే ఎపిడెమిక్. పాతుకుంది అంటే ఎండెమిక్. ఊరూరా పాకింది అంటే పాండెమిక్. గ్రామసభలో మాట్లాడవలసి వచ్చినప్పుడు నామవాచకం జోలికి పోకుండా, "మీ వీధిలో డెంగీ ప్రబలింది. మనిషి నుంచి మనిషికి అంటదు. దోమ కుట్టడం వల్ల సోకుతుంది" అని చెప్పి చూడండి. మూడు వాక్యాలు, మూడు క్రియలు. వినేవాళ్లు రోగిని వదిలేసి నీళ్ల తొట్టి వైపు చూస్తారు.

మహమ్మారి అన్న మాట సంగతేమిటని కొందరు అడిగారు. ‘మారి’ అంటే చావు తెచ్చేది, సంస్కృతంలో మహామారి. మశూచి, కలరా రోజుల్లో మారెమ్మ, పోలేరమ్మల ముందు నిలబడి జనం మొక్కుకున్న భయమంతా ఆ మాటలో ఉంది. పాండెమిక్‌కు పత్రికలు దీన్నే స్థిరం చేశాయి. నాకు అభ్యంతరం లేదు. వరకట్న మహమ్మారి, ప్లాస్టిక్ మహమ్మారి అని ప్రతిదానికీ తగిలించడం మాత్రం మానుకోండి.

పశువుల సంగతి క్లుప్తంగా. డెమోస్‌లో ఉన్నది మనుషుల ఊరు కాబట్టి జంతువుల మీద పడిన జబ్బుకు ‘జూ’ చేర్చి ఎపిజూటిక్ అంటారు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లా కోళ్లకు వచ్చిన బర్డ్ ఫ్లూ ఎపిజూటిక్. రొయ్యల గుంటల్లో వైట్ స్పాట్ అనే తెల్లమచ్చల జబ్బు ప్రబలినా అదే మాట. మన రైతులు పెట్టుకున్న పేర్లలో గాలికుంటు నాకు ఎంతో ఇష్టం. ఆ వైరస్ కొన్ని పరిస్థితుల్లో నిజంగానే గాలిలో కొంత దూరం పోతుంది, గిట్టల మధ్య పుండ్లతో పశువు కుంటుతుంది. దారి, లక్షణం రెండూ ఒకే పేరులో ఉన్నాయి.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను.

మొదటిది: ఈ పదాలను విడదీసి, ప్రతి కోతకూ మిగులు పరీక్ష చేసి చూపండి. ఎపిడెర్మిస్, బాక్టీరీమియా, డెమోగ్రఫీ, ఎన్‌జూటిక్, హైపోగ్లైసీమియా, ఎపిడెమియాలజీ, అకడమిక్. చివరిదానిలో ఊరు ఉందా, రక్తం ఉందా, రెండూ లేవా అన్నది నిఘంటువు చూసి రాయండి. ఊహించి రాస్తే తీసుకోను.

రెండోది: వరసగా పద్నాలుగు రోజులు ఒక తెలుగు దినపత్రిక జిల్లా పేజీలు చదవండి. అంటువ్యాధి, మహమ్మారి, ప్రబలింది, విజృంభించింది, సోకింది అన్న మాటలు వచ్చిన ప్రతి వాక్యాన్నీ నోటు పుస్తకంలోకి ఎక్కించండి. ప్రతి వాక్యం కిందా మూడు ప్రశ్నలకు జవాబు రాయండి: ఈ జబ్బు ఏ దారిన వస్తుంది, ఈ కాలంలో అక్కడి మామూలు లెక్క ఎంత, ఇప్పుడు ఎంత. వార్తలో జవాబు లేకపోతే "లేదు" అని రాయండి. మామూలు లెక్క దాదాపు ఏ వార్తలోనూ దొరకదు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు తమ రిజిస్టర్లలో అదే నెలకు గత మూడేళ్ల అంకెలు తీసి పక్కన పెట్టండి. రోగుల పేర్లు నాకు పంపవద్దు, అంకెలు చాలు.

మూడోది ఒకే వాక్యం. కనిగిరి అమ్మాయి విషయంలో ఆ కరపత్రం మీ చేతికి వచ్చిందనుకోండి. ‘అంటువ్యాధి ప్రాంతం’ అన్న రెండు మాటలు కొట్టేసి, పెళ్లికొడుకు తల్లి చదివినా అర్థమయ్యేలా, ఎండెమిక్ అన్న మాట వాడకుండా, ఆ చోట ఏం రాస్తారో రాసి పంపండి.